ఇంటిపని లెక్క రాసి, ఇంట్లో అందరికీ పంచడం ఎలా?

“పని పంచుకుందాం అన్న ప్రతిసారీ గొడవే అవుతోంది. గొడవ లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలి?” నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద అడిగారు, ఆఫీసులో క్యారేజీలు విప్పుకుంటూ అడిగారు. విజయవాడ నుంచి గుంటూరు వచ్చే బస్సులో మాటల్లో మాటగా పక్క సీటు అమ్మాయి కూడా అడిగింది, మంగళగిరి దాటేదాకా అదే మాట్లాడుకున్నాం. విడివిడిగా చెప్పినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మాది గుంటూరు బ్రాడీపేట. నా పుట్టిల్లు విజయవాడ సత్యనారాయణపురం. ఇంట్లో నేను, మావారు, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. మేమిద్దరం ఉద్యోగస్తులమే. ఒక వారం ఇంటిపనంతా నోట్‌బుక్‌లో రాసి, ఆ లెక్క చూసి పంచుకునే ఈ పద్ధతి మా ఇంట్లో మొదటిసారి చెడింది, రెండోసారి కుదిరింది. ఎక్కడ చెడిందో కూడా చెబుతాను, అదే మీకు ఎక్కువ పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మీ ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఉంటే, నోరు విప్పితే ఏమవుతుందో అన్న భయం ఉంటే, ఈ నోట్‌బుక్ పద్ధతి మీకు కాదు. దాన్ని చూపిస్తే ప్రమాదం పెరగొచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, అత్యవసరమైతే 112కి. ఆపదలో ఉన్న ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రం ఎక్కడుందో 181లో చెబుతారు. ముందు మీ క్షేమం, పని పంపకం తర్వాత.

కావలసినవి

ఒక పొడుగు నోట్‌బుక్. దానికి దారంతో కట్టిన పెన్ను (కట్టకపోతే రెండో రోజుకే కనిపించదు). వంటింట్లో అందరికీ కనిపించే గడియారం. రోజుకో గడి ఉండి, అందులో రాసుకునే చోటున్న గోడ క్యాలెండర్. ఆదివారం ఒక గంట. అంతే. ఫోన్‌లో యాప్‌లు అక్కర్లేదు. ఫోన్ ఒకరి చేతిలోనే ఉంటుంది, నోట్‌బుక్ గట్టు మీద అందరికీ అందుతుంది.

1. మామూలు వారం ఒకటి ఎంచుకోండి

ఆవకాయ పెట్టే వారం వద్దు, దసరా వద్దు, పిల్లల పరీక్షల వారం వద్దు, చుట్టాలు వచ్చే వారం అసలే వద్దు. అలాంటి వారం రాస్తే “ఇది రోజూ ఉండేది కాదుగా” అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఏ విశేషమూ లేని ఏడు రోజులు తీసుకోండి. సోమవారం మొదలుపెట్టి ఆదివారంతో ఆపండి. ఆదివారం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఇంట్లో మిగతావాళ్లకి సెలవైన రోజు వంటింట్లో పని పెరుగుతుంది.

రాస్తున్నట్టు అందరికీ ముందే చెప్పండి. దొంగచాటుగా రాస్తే అది సాక్ష్యం పోగుచేసినట్టు ఉంటుంది. “మన ఇంట్లో రోజుకి ఎంత పని జరుగుతోందో ఒక వారం రాద్దాం, ఎవరు చేసింది వాళ్లు రాయండి” అంటే చాలు.

2. ఏడు రోజులూ రాయండి

రోజు అర్ధరాత్రి మొదలవ్వదు, తెల్లవారుజామున 4 గంటలకి మొదలవుతుంది, మర్నాడు 4కి ముగుస్తుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లోనూ 2024లోనూ జనం రోజంతా ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో సర్వే చేసినప్పుడు ఇలాగే, 4 నుంచి 4 దాకా, అరగంట ముక్కలుగా అడిగారు. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్ల రోజు అయిదులోపే మొదలవుతుంది కాబట్టి ఈ పద్ధతి సరిగ్గా సరిపోతుంది.

ప్రతి పనికీ నాలుగు రాయాలి: మొదలైన టైము, అయిపోయిన టైము, పని, చేసినవాళ్లు. నా నోట్‌బుక్‌లో ఒక మంగళవారం ఇలా ఉంది:

4:45 – 5:30: మోటారు వేయడం, వాకిలి చిమ్మి నీళ్లు చల్లి ముగ్గు, పాలు కాచడం
5:30 – 7:15: టిఫిన్, పప్పు, దొండకాయ వేపుడు, మూడు క్యారేజీలు. మధ్యలో చిన్నవాణ్ణి లేపడం, మూడుసార్లు
7:15 – 8:00: అత్తయ్యకి టిఫిన్, షుగర్ మాత్ర. చిన్నవాణ్ణి స్కూలుకి తయారుచేయడం
8:00 – 8:30: చెత్తబండి, తడి చెత్త పొడి చెత్త వేరుచేసి ఇవ్వడం. బట్టలు మెషీన్‌లో వేసి ఆరేయడం
6:00 – 6:40: ఆఫీసు నుంచి వస్తూ కూరగాయలు
6:40 – 7:30: బట్టలు తీసి మడత, ఇడ్లీ పిండి
7:30 – 8:45: రాత్రి వంట
9:15 – 10:15: అంట్లు, గట్టు తుడవడం, పాలు తోడు పెట్టడం, రేపటి కూర తరిగి పెట్టడం

మొత్తం 450 నిమిషాలు, ఏడున్నర గంటలు. ఆఫీసు వేరే. అదే రోజు మావారి పేరు మీద ఉన్నవి పాల ప్యాకెట్లు 10 నిమిషాలు, వాటర్ క్యాన్ 10, చిన్నవాణ్ణి స్కూలు బస్సు ఎక్కించడం 15. మొత్తం 35.

ఇది చూసి ఆయన చెడ్డవాడని అనుకోకండి. ఆయన 35 నిమిషాలూ బయటకి కనిపించే పని, అందుకే ఆయన లెక్కలో చాలా చేస్తున్నట్టే ఉండేది. నిజంగానే అలా నమ్మేవారు. నేనూ నమ్మేదాన్ని.

రాసేటప్పుడు తరచుగా జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి.

రాత్రి పడుకునే ముందు ఒకేసారి గుర్తుచేసుకుని రాయడం. అలా రాస్తే సగం జారిపోతాయి. పని అయిన వెంటనే, చెయ్యి తుడుచుకుని రాయండి.

ఒకే టైములో రెండు పనులు చేసి రెండింటికీ నిమిషాలు వేయడం. కుక్కర్ పొయ్యి మీద ఉండగా పిల్లాడి చేత ఎక్కాలు చెప్పించారనుకోండి, గడియారం లెక్క ఒక్కసారే వేయాలి, పనులు మాత్రం రెండూ రాయాలి. నిమిషాలు పెంచి రాస్తే ఆదివారం మీ లెక్క మొత్తం ఎవరూ నమ్మరు.

“ఇది కూడా పనేనా” అని వదిలేయడం. కుళాయి వస్తుందని కాచుకుని కూర్చోవడం పనే. కుక్కర్ మూడో కూత కోసం కదలకుండా ఉండటం పనే. మీరు లేచి వెళ్లిపోలేని సమయం ఏదైనా పనే.

ఆ వారం ఎక్కువ చేసి చూపించడం. అటకలు దులపడం లాంటివి ఆ వారం పెట్టుకోవద్దు.

3. తలలో జరిగే పని వేరే పేజీలో రాయండి

నోట్‌బుక్‌ని వెనకవైపు నుంచి తిప్పి, చివరి పేజీలో “గుర్తుపెట్టుకున్నవి” అని రాసుకోండి. వీటికి నిమిషాలు వేయొద్దు, లెక్కకి దొరకవు. వరసగా రాస్తూ పోవడమే. గ్యాస్ బండ ఎప్పుడు బుక్ చేయాలి. కందిపప్పు డబ్బా అడుగంటింది. పెద్దదానికి స్కూల్లో శుక్రవారం తెల్ల చార్టు కావాలి. అత్తయ్య మాత్రలు గురువారంతో అయిపోతాయి. ఆడపడుచు పెళ్లిరోజు, ఫోన్ చేయాలి. పనమ్మాయి ఎల్లుండి రాదు. కొళాయి కారుతోంది, ప్లంబర్. చిన్నవాడి బూట్లు బిగుతయ్యాయి.

మా ఇంట్లో వారానికి అలాంటివి రెండు పేజీలు వచ్చాయి. అన్నీ నా దస్తూరీయే. “అడిగితే చేస్తానుగా” అనేవాళ్లకి చూపించాల్సిన పేజీ ఇదే.

ఈ పని ఎంత కనిపించదో చెప్పడానికి ఒక్క సంగతి. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ మునిగినప్పుడు, నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్లూ కడిగాయి. అది అందరూ చూశారు, మంచి పనే. ఆ తర్వాత మా బంధువుల ఇంటికి వెళ్లాను. బీరువాలో తడిసిన చీరలు ఒక్కొక్కటే విప్పి బురద వదిలేదాకా జాడించడం, డబ్బాల్లో పప్పులు పారబోసి డబ్బాలు వేడినీళ్లతో కడగడం, ఆధార్ కార్డులూ పిల్లల సర్టిఫికెట్లూ ఫ్యాన్ కింద పరిచి ఆరబెట్టడం ఇంకా సాగుతూనే ఉంది. నేను ఉన్న ఆ రెండు రోజులూ ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లందరూ ఆడవాళ్లే.

4. శనివారం రాత్రి కూడికలు, ఆదివారం ముగింపు

ఒక్కొక్కరి పేరు కింద మూడు అంకెలు తీయండి. మొదటిది ఇంటిపని. రెండోది ఉద్యోగం లేదా వ్యాపారం, రానూపోనూ ప్రయాణంతో సహా. మూడోది తీరిక, అంటే ఎవరూ పిలవకుండా, ఏ పనీ కాచుకోకుండా కూర్చున్న సమయం. టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచిన సమయం తీరిక కాదు.

ఇందులో ముఖ్యమైనది మూడో అంకె. చాలామంది పని సరిగ్గా సగం సగం చేయాలని పట్టుబట్టి ఓడిపోతారు. ఆటోనగర్‌లో పదకొండు గంటలు లేత్ మిషన్ దగ్గర నిలబడి వచ్చే మనిషిని వచ్చి సగం వంట చేయమంటే కుదరదు, న్యాయం కూడా కాదు. కానీ ఆయనకి రోజుకి రెండు గంటల తీరిక, మీకు పది నిమిషాలు ఉంటే అది న్యాయం కాదని ఆయనకీ అర్థమవుతుంది. పని సమానం కాకపోయినా తీరిక సమానంగా ఉండాలి. మీరు అడగాల్సింది అది.

దేశం లెక్కతో పోల్చుకోవాలనుకుంటే ఈ అంకెలు చాలు. 2019 సర్వేలో ఇంటిపని చేసిన ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు, మగవాళ్లు 97. 2024లో ఆడవాళ్లు 289, మగవాళ్లు 88. అయిదేళ్లలో ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. ఒక్క నిమిషం! పైగా ఇవి ఆ పని ఎంతోకొంత చేసినవాళ్ల సగటు మాత్రమే. అసలు చెయ్యే పెట్టని మగవాళ్లు ఆ 88లో లేరు.

5. కూర్చుని మాట్లాడండి

ఇక్కడే మా మొదటి ప్రయత్నం చెడింది. రాత్రి పదిన్నరకి, సింక్ నిండా అంట్లు ఉండగా, ఒళ్లు మండిపోతూ నోట్‌బుక్ తీసుకెళ్లి మావారి ముందు పడేశాను. అందులో ఉన్న అంకెలు ఆయన చూడలేదు, నా కోపమే చూశారు. పదిహేను రోజులు దాని ఊసే ఎత్తలేకపోయాం.

కాబట్టి టైము చూసుకోండి. రాయడం ముగిశాక వచ్చే ఆదివారం, టిఫిన్లు అయ్యి అందరి కడుపులూ నిండాక, టీవీ ఆపేసి కూర్చోండి. నోట్‌బుక్ చేతికిచ్చి “చదవండి, తర్వాత మాట్లాడుకుందాం” అనండి. మీరు చదివి వినిపించొద్దు. ఆయనే చదవాలి, గట్టిగా చదివితే మరీ మంచిది. “నేనొక్కదాన్నే చావాలా”, “మీ చెల్లెలికైతే ఇలాగే చూస్తారా” లాంటివి ఆ రోజు నోట్లోంచి రాకూడదు. ఆ మాటల్లో నిజం ఉండొచ్చు. అయినా అవి వచ్చాక మాట లెక్క మీద నిలబడదు.

ఎదురయ్యే మాటలు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే.

“అడిగితే చేస్తాను కదా?” జవాబు: “అడగడమే ఒక పని. వెనక పేజీ చూడండి.”

“నాకు వంట రాదు.” జవాబు: “పెళ్లయిన కొత్తలో నాకూ రాదు. నాలుగు ఆదివారాలు పక్కనుండి చూపిస్తాను.”

“నేను సంపాదించి తెస్తున్నాను.” ఇంట్లోనే ఉండే ఆడవాళ్లకి ఈ మాట దగ్గరే గొంతు పూడుకుపోతుంది. తడబడకండి. సుప్రీంకోర్టు 2021 జనవరిలో, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తల నష్టపరిహారం కేసులో, గృహిణి ఇంట్లో చేసే పనికి విలువ కట్టి తీరాలని చెప్పింది. ఆ తీర్పులో దీని గురించి వివరంగా రాసిన జస్టిస్ ఎన్.వి. రమణ మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టినవారే. 2011 జనగణనలో దాదాపు 16 కోట్ల మంది ఆడవాళ్లు ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పారని, అలా చెప్పిన మగవాళ్లు 58 లక్షల లోపేనని కూడా ఆయన అందులో రాశారు. జీతం లేనంత మాత్రాన అది పని కాకుండా పోదు. ఈ ఒక్క ముక్క చెప్పి మళ్లీ మీ నోట్‌బుక్‌కే రండి, కోర్టుల దగ్గర ఆగిపోవద్దు.

“మా అబ్బాయి చేత అంట్లు తోమిస్తావా?” ఇది అత్తగారి నుంచి వస్తుంది. దీనికి జవాబు మాటల్లో కాదు, నోట్‌బుక్‌లో ఉండాలి. అందుకే ఆవిడ పనులు కూడా వారమంతా రాయండి. గోంగూర ఆకు కోయడం, బియ్యంలో రాళ్లు ఏరడం, మధ్యాహ్నం ఆరిన బట్టలు తీయడం, మీరు లేనప్పుడు పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండటం. మా అత్తయ్య తన పేరున్న వరస మీద వేలు పెట్టి, “నాదీ రాశావా అమ్మాయ్?” అంది. రోజుకి రెండు గంటల పది నిమిషాలు అని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, పొద్దున్నే రోట్లో పిండి రుబ్బి, మామగారికి క్యారేజీ కట్టి, బావి నుంచి పదహారు బిందెలు తోడిన రోజుల గురించి చెప్పింది. “అప్పుడు ఎవరైనా రాసి ఉంటే బాగుండేది” అంది. కొడుకు అంట్ల మాట ఆవిడ ఆ రోజు మళ్లీ ఎత్తలేదు.

6. సాయం అడగొద్దు, పూచీ అప్పజెప్పండి

ఇంత రాసిందీ ఈ అడుగు కోసమే. “కాస్త సాయం చేయండి” అంటే పని మీదే, ఆయన చేసిపెట్టారు అని అర్థం. రేపు మళ్లీ మీరే అడగాలి. పూచీ అంటే ఆ పని గుర్తుకు రావడం దగ్గర నుంచి అయిపోయాక సరిచూసుకోవడం దాకా మొత్తం ఒక్కరిదే.

ఇడ్లీ పిండినే తీసుకోండి. “పిండి రుబ్బడం” అంటే గ్రైండర్ స్విచ్ వేయడం అనుకుంటారు. పూచీగా చూస్తే ఇంత ఉంది: మినప్పప్పు, ఇడ్లీ రవ్వ డబ్బాల్లో ఉన్నాయో లేవో చూసి తెప్పించడం. గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల రవ్వ లెక్కన కొలవడం. నాలుగు గంటల ముందు పప్పు నానబోయడం, అంటే ఆఫీసుకి వెళ్లేముందే గుర్తుండటం. కరెంటు ఉన్నప్పుడే రుబ్బడం. రవ్వ కడిగి పిండి కలపడం. గ్రైండర్ రాళ్లు విప్పి, సందుల్లో పిండి ఎండిపోకముందే కడగడం. గిన్నెలో సగానికి మించకుండా పోయడం, లేకపోతే తెల్లారేసరికి గట్టంతా పొంగి ఉంటుంది. మే నెలలో అయిదారు గంటలకే పులిసిపోతుంది కాబట్టి సమయానికి ఫ్రిజ్‌లో పెట్టడం. డిసెంబరులో అయితే రాత్రంతా బయటే వదిలేయడం. ఎన్ని రోజులకి సరిపోతుందో చూసుకుని మళ్లీ ఎప్పుడు నానబోయాలో క్యాలెండర్‌లో రాయడం. ఇవన్నీ కలిపితే ఒక్క పూచీ. మా ఇంట్లో ఇప్పుడు ఇది మావారిది. మొదటి నెల రెండుసార్లు పప్పు నానబోయడం మర్చిపోయారు. ఆ రెండు పొద్దులూ ఉప్మా తిన్నాం.

పంచేటప్పుడు ఇలా చేయండి.

రోజూ ఒకే టైముకి చేసి తీరాల్సిన పనులు (పొద్దున టిఫిన్, క్యారేజీలు, రాత్రి అంట్లు) ఒక పక్కన రాయండి. ఎప్పుడో ఒకప్పుడు చేస్తే సరిపోయేవి (కరెంటు బిల్లు, గ్యాస్ బండ, ఫ్యాన్లు తుడవడం) ఇంకో పక్కన రాయండి. చాలా ఇళ్లలో రెండో పక్కవి మాత్రమే మగవాళ్లకి వెళ్తాయి. దాంతో చీటీలో పనుల సంఖ్య సమానంగా కనిపిస్తుంది, రోజు మాత్రం మారదు. రోజూ చేయాల్సినవాటిలో కనీసం ఒకటి, వీలైతే రెండు, ఆయన పేరు మీద ఉండాలి. ఒక్కటే ఇవ్వగలిగితే రాత్రి అంట్లు ఇవ్వండి. వంట వచ్చి ఉండాల్సిన అవసరం లేదు, మీ రోజు గంట ముందే ముగుస్తుంది.

తలలో పనుల పేజీని కూడా పంచండి. పిల్లల స్కూలు సంగతులన్నీ ఒకరివి, మందులూ డాక్టరూ ఇంకొకరివి. స్కూల్లో నాన్న నంబరు మొదటి నంబరుగా రాయించండి. మా ఇంట్లో చాలా మార్పు ఆ ఒక్క పనితో వచ్చింది.

క్యాలెండర్ మీద ఒక్కో పనికి ఒక్క పేరే రాయండి. “ఇద్దరూ” అని రాస్తే మీరే అని అర్థం.

కొత్తగా పొయ్యి దగ్గరికి వచ్చినవాళ్లకి నాలుగు విషయాలు మాత్రం దగ్గరుండి చూపించి తీరాలి. ఆవిరి మొత్తం పోయేదాకా కుక్కర్ మూత లాగకూడదు. పోపులో తడి గరిటె పెట్టకూడదు. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి కిటికీలు తెరవాలి. రాత్రి రెగ్యులేటర్ ఆపి పడుకోవాలి.

పిల్లలకి ఇచ్చేటప్పుడు ఆడపిల్లకి వంటిల్లు, మగపిల్లాడికి బజారు అని పంచొద్దు. ఏడెనిమిదేళ్లకి తన కంచం తనే తీసి కడగొచ్చు. పదేళ్లు దాటితే ఎవరి బట్టలు వాళ్లు మడత పెట్టుకోవచ్చు, మంచినీళ్ల సీసాలు నింపొచ్చు. పదో తరగతికి వచ్చేసరికి అబ్బాయైనా అమ్మాయైనా అన్నం వండటం, చారు కాచడం వచ్చి ఉండాలి. మీ నోట్‌బుక్‌లో తండ్రి పని తగ్గి కూతురి పని పెరిగినట్టు కనిపిస్తే అది పంపకం కాదు, భారం చేతులు మారింది అంతే. వెంటనే సరిదిద్దండి.

పనమ్మాయి ఉన్న ఇళ్లలో ఆమె రాని రోజు అంట్లూ చిమ్మడమూ ఎవరివో ముందే పేరు రాసి ఉంచండి. ఆమెకి వారానికో సెలవు ఇవ్వండి. ఆమె ఇంటికి వెళ్లాక చేసేది కూడా ఇదే పని, దానికి జీతం లేదు.

మీ ఇంటికి ఇది అతకదు అనిపిస్తే

ఆయన రైల్వేలోనో, షిఫ్టుల్లోనో పనిచేస్తుంటే రోజువారీ పూచీ కుదరదు. డ్యూటీ లేని రోజుకి మొత్తం ఇల్లు ఆయనది అని రాయండి, పొద్దున పాల నుంచి రాత్రి తోడు దాకా. ఆ రోజు మీరు వంటింట్లోకి వెళ్లకూడదు.

ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్లతో ముందు మాట్లాడండి. మీరొక్కరే నోట్‌బుక్ తీస్తే అది వాళ్ల మీద ఫిర్యాదులా కనిపిస్తుంది.

ఆయన అసలు కూర్చోవడానికే ఒప్పుకోకపోతే ఆపేయాల్సిన పనులు రెండు మూడు ఎంచుకోండి. ఎవరి ఆరోగ్యానికీ, పిల్లల చదువుకీ సంబంధం లేనివి అయి ఉండాలి. ఆయన చొక్కాలు ఇస్త్రీకి ఇవ్వడం, ఆయన వైపు చుట్టాల పుట్టినరోజులు గుర్తుచేయడం, ఆయన బండి తాళం వెతికిపెట్టడం. “వచ్చే నెల నుంచి ఇవి నేను చేయను” అని ముందే చెప్పి ఆపండి. చెప్పకుండా ఆపితే అలక అనుకుంటారు.

7. నాలుగు వారాలు చెయ్యి పెట్టకండి

అన్నిటికంటే కష్టం ఇదే. ఆయన తోమిన గిన్నెకి అడుగున జిడ్డు ఉంటుంది. మీరు మళ్లీ తోమారా, ఆ పని మళ్లీ మీ పేరు మీదికి వచ్చినట్టే. నేను మూడు రోజులు అలాగే తోమాను. నాలుగో రోజు మావారు, “ఎలాగూ నువ్వు మళ్లీ తోముతావుగా” అని సింక్ వదిలేసి వెళ్లిపోయారు. తప్పు నాదే. ఆ తర్వాత జిడ్డు గిన్నె కనిపిస్తే, దాన్ని పక్కన పెట్టి “ఇది సరిగ్గా పోలేదు” అని మాత్రం చెప్పాను. పది రోజుల్లో సర్దుకుంది.

పోపు మాడితే మాడనివ్వండి. బట్టలు మీ పద్ధతిలో మడత పెట్టకపోతే పెట్టకపోనివ్వండి. ఆరోగ్యం, భద్రత విషయాల్లో మాత్రం ఆగొద్దు. మాత్ర వేయడం మర్చిపోతే వెంటనే చెప్పండి.

ఇంకో సంగతి. ఒక్క రోజు అన్నం వండినందుకు పక్కింటివాళ్లందరికీ చెప్పి పొగడకండి. బాగుంటే బాగుందనండి, ఎవరు వండినా అలాగే అంటాం కదా.

8. పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

నాలుగు వారాల తర్వాత ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఎవరైనా చుట్టాలు తలుపు తట్టినప్పుడు టీ పెట్టడానికి మొదట లేచేది ఎవరు? నలుగురున్నప్పుడు కూడా ఆయన లేస్తున్నారా, ఇంట్లోవాళ్లే ఉన్నప్పుడు మాత్రమేనా?

మీరు అన్నం వేడిగా తింటున్నారా? చివరన మిగిలింది తినే మనిషి ఇంకా మీరేనా?

ఈ వారంలో “అది చేశారా?” అని మీరు ఎన్నిసార్లు అడిగారు? ఒక్కో అడగడానికీ క్యాలెండర్ మూల ఒక గీత పెట్టండి. పని ఆయన చేస్తున్నా గీతలు తగ్గకపోతే పూచీ ఇంకా మీ తలలోనే ఉంది. అలాంటప్పుడు పనులు పెంచొద్దు, ఉన్న ఒక్కటే పూర్తిగా అప్పజెప్పండి.

తర్వాత అసలు పరీక్ష. రెండు రోజులు ఎటైనా వెళ్లి రండి. వండి ఫ్రిజ్‌లో పెట్టకుండా, చీటీలు అతికించకుండా వెళ్లాలి. ఫోన్ ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకోండి. “పంచదార ఎక్కడుంది” నుంచి “చిన్నవాడికి జ్వరం మందు ఎన్ని చుక్కలు” దాకా అన్నీ లెక్కే. నోట్‌బుక్ రాయకముందు ఒకసారి సత్యనారాయణపురం వెళ్తే మొదటి రోజే పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. పద్ధతి కుదిరాక ఆరు నెలలకి వెళ్తే రెండు రోజులకి కలిపి మూడు. ఏయే విషయాలకి ఫోన్ వచ్చిందో ఆ పనులే తర్వాతి ఆదివారం మాట్లాడాల్సినవి.

మొదటి వారం రాసిన పేజీలు చింపి పారేయకండి. ఆరు నెలలకి మళ్లీ ఒక మామూలు వారం చూసుకుని, అదే నోట్‌బుక్‌లో, అవే మూడు అంకెలు తీయండి. రెండు తీరిక అంకెలూ పక్కపక్కన రాసి తేదీ వేయండి. పెద్ద పిల్లలుంటే ఈసారి కూడికలు వాళ్లతో చేయించండి.